డిమినిష్డ్ కార్డ్స్, వాటి ఇన్వర్షన్స్: కీబోర్డ్ మీద మొదటి నుంచి

మేజర్, మైనర్ కార్డ్స్ చేతికి బాగా అలవాటై, ఎవరు ఏ పాట ఎత్తుకున్నా వెనకాల ధైర్యంగా వాయించేవాళ్లు కూడా కాగితం మీద ‘డిమ్’ (డిమినిష్డ్‌కి పొట్టి రాత) అని కనబడగానే తడబడతారు. కాజీపేట చర్చి క్వాయర్లలో చూడండి, హన్మకొండ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో చూడండి, "అన్నా, గీడ బి డిమ్ ఉంది, ఏం పట్టాలె?" అని అడిగితే "జి పట్టు, నడుస్తది" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అబద్ధం కాదు, చాలాసార్లు నడుస్తుంది కూడా. ఎందుకు నడుస్తుందో, ఎక్కడ నడవదో కింద చెప్తాను.

ముందే ఒక మాట. డిమినిష్డ్ కార్డ్‌ని విడిగా, పన్నెండు ఆకారాలుగా బట్టీ పట్టకండి. అలా బట్టీ పట్టినవాళ్లకు కార్డ్ వస్తుంది గానీ పాటలో ఎక్కడ వాడాలో రాదు, రెండు నెలల్లో కార్డ్ కూడా మర్చిపోతారు. దాని తర్వాత వచ్చే కార్డ్‌తో కలిపి జంటగా నేర్చుకోండి. ఈ కార్డ్ పనే ఇంకో కార్డ్ దగ్గరికి తీసుకెళ్లడం. ఇన్వర్షన్స్, అంటే అవే స్వరాల్ని కింది నుంచి పైకి వేరే వరసలో పట్టడం, కూడా అందుకే, పక్క కార్డ్‌కి చెయ్యి ఎగరకుండా, వేళ్లు కొంచెం కదిలిస్తే సరిపోయేలా.

కీబోర్డ్ సర్దుకోవడం

మన దగ్గర ఇంట్లో అసలైన పియానో ఉన్నవాళ్లు తక్కువ, క్యాసియో, యమహా కీబోర్డులే ఎక్కువ. ఈ పాఠానికి 61 కీల కీబోర్డ్ ధారాళంగా సరిపోతుంది, 49 కీలదైనా ఇబ్బంది లేదు. ట్రాన్స్‌పోజ్ సున్నా మీద పెట్టండి. సౌండ్ పియానో పెట్టండి, స్ట్రింగ్స్, ప్యాడ్ వద్దు, అవి అన్ని తప్పుల్నీ మెత్తగా కప్పేస్తాయి. రిథమ్, ఆటో అకంపనిమెంట్ ఆపేయండి. అవి నడుస్తున్నప్పుడు ఎడమచేత్తో మీరు ఏ ఇన్వర్షన్ పట్టినా కీబోర్డ్ సాధారణంగా కార్డ్ పేరు మాత్రం గుర్తుపట్టి తన బేస్ తాను వాయించుకుంటుంది, మీరు పట్టిన తేడా మీకే వినబడదు.

వేళ్ల నంబర్లు తెలిసే ఉంటాయి, అయినా చెప్తున్నాను: రెండు చేతుల్లోనూ బొటనవేలు 1, చూపుడువేలు 2, మధ్యవేలు 3, ఉంగరపువేలు 4, చిటికెనవేలు 5.

లెక్క: మూడు, మళ్లీ మూడు

ఏదైనా ఒక కీ మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి కుడివైపు నల్ల కీలు, తెల్ల కీలు అన్నీ వరసగా లెక్కపెడుతూ మూడో కీకి వెళ్లండి, అక్కడి నుంచి మళ్లీ మూడో కీకి వెళ్లండి. మొదలుపెట్టిన కీని లెక్కలోకి తీసుకోవద్దు, చాలామంది లెక్క తప్పేది అక్కడే. ఆ మూడు కీలూ కలిపి నొక్కితే డిమినిష్డ్ ట్రయాడ్, అంటే మూడు స్వరాల డిమినిష్డ్ కార్డ్. మేజర్ అయితే 4, 3. మైనర్ అయితే 3, 4. డిమినిష్డ్ అయితే 3, 3. ఇంతే తేడా. మైనర్ కార్డ్ తెలిసి ఉంటే దాని పై స్వరాన్ని ఒక్క కీ కిందికి దించినా ఇదే వస్తుంది.

మొదలు బి నుంచి పెట్టండి. బి నుంచి లెక్కిస్తే సి, సి షార్ప్, డి. డి నుంచి లెక్కిస్తే డి షార్ప్, ఇ, ఎఫ్. అంటే బి–డి–ఎఫ్. మొత్తం కీబోర్డ్ మీద అన్నీ తెల్ల కీలే ఉన్న డిమినిష్డ్ ట్రయాడ్ ఇదొక్కటే, చేతికీ కంటికీ సులువు. కుడిచేత్తో 1-3-5 వేళ్లతో నొక్కి పట్టుకుని వినండి. కార్డ్ కాగితాల్లో దీన్ని ‘బి డిమ్’ అనో, బి పక్కన పైన చిన్న సున్నా పెట్టో రాస్తారు.

చెవికి ఏదో తెగకుండా మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది కదా. దానికి కారణం బి, ఎఫ్. వాటి మధ్య దూరం ఆరు కీలు, అంటే పన్నెండు కీల ఆక్టేవ్‌లో సరిగ్గా సగం. మధ్యలో డి తీసేసి ఆ రెండే వాయించి చూడండి, ఆ లాగుడంతా అక్కడే ఉంది.

కర్ణాటక సంగీతం కొంచెమైనా నేర్చుకున్నవాళ్లకు ఇది ఇంకా తొందరగా ఎక్కుతుంది. సి ని షడ్జమం అనుకుంటే తెల్ల కీలన్నీ ధీర శంకరాభరణం, అందులో ఈ మూడు స్వరాలు ని, రి, మ. కాకలి నిషాదం పై షడ్జమం మీదికి ఎక్కాలని చూస్తుంది, శుద్ధ మధ్యమం అంతర గాంధారం మీదికి దిగాలని చూస్తుంది. పాడేటప్పుడు మీ గొంతుకు ఎప్పుడో తెలిసిన విషయమే, ఇక్కడ రెండూ ఒకేసారి జరుగుతాయి.

దాన్ని ఇంటికి చేర్చడం

ఇప్పుడు కుడిచేత్తో డి–ఎఫ్–బి పట్టండి. స్వరాలు అవే, కింద ఉన్న బి ని తీసి పైన పెట్టాం, అంతే. వేళ్లు 1-2-5. బాగా నెమ్మదిగా, ఒక్కో వేలు ఎటు పోతుందో చూసుకుంటూ ఇలా కదపండి: బొటనవేలు డి నుంచి సి కి దిగుతుంది, చూపుడువేలు ఎఫ్ నుంచి ఇ కి దిగుతుంది, చిటికెనవేలు బి నుంచి పై సి కి ఎక్కుతుంది. చెయ్యి ఎక్కడికీ పోలేదు, వేళ్ల నంబర్లు కూడా మారలేదు, రెండు వేళ్లు కిందికి, ఒకటి పైకి జరిగాయి. వచ్చింది సి–ఇ–సి. కింద ఎడమచేత్తో సి, జి కలిపితే పూర్తి సి మేజర్.

ఈ ఒక్క కదలికని విసుగు రాకుండా ఓ ఇరవైసార్లు చేయండి. ప్రతిసారీ ముందు డి–ఎఫ్–బి దగ్గర ఒక క్షణం ఆగి, తర్వాత ఏం వినబడబోతోందో మనసులో అనుకుని, అప్పుడు వదలండి. చేతికి రావడం కంటే చెవికి రావడం ముఖ్యం. చెవికి వచ్చిందంటే పాట వింటున్నప్పుడే "ఇక్కడ డిమ్ ఉంది" అని పట్టేస్తారు.

ఇందులోంచి ఒక సూత్రం వస్తుంది, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: డిమినిష్డ్ కార్డ్ తన రూట్‌కి (కార్డ్‌కి పేరిచ్చే స్వరానికి) ఒక్క కీ పైన ఉన్న కార్డ్ దగ్గరికి వెళ్లాలని చూస్తుంది. బి డిమ్ సి కి. జి షార్ప్ డిమ్ ఎ మైనర్‌కి. సి షార్ప్ డిమ్ డి మైనర్‌కి. ఎఫ్ షార్ప్ డిమ్ జి కి. ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే దానికి ఒక్క కీ కింద నుంచి మూడు, మూడు లెక్కపెట్టుకోవడమే.

ఇక "జి పట్టు, నడుస్తది" సంగతి. జి సెవెన్‌లో స్వరాలు జి, బి, డి, ఎఫ్. పై మూడూ అచ్చంగా బి డిమ్. అందుకే బి డిమ్ బదులు జి సెవెన్ పడితే వినేవాళ్లకు పెద్దగా తేడా తెలియదు, మామూలు జి పడితే ఎఫ్ లేదు కాబట్టి లాగుడు కాస్త తగ్గుతుంది, అయినా నడిచిపోతుంది. కానీ ఎ మైనర్ ముందు జి షార్ప్ డిమ్ ఉన్నచోట జి పట్టారనుకోండి, పాడేవాళ్లు జి షార్ప్ మీద ఉంటే మీరు దాని పక్క కీ నొక్కుతున్నట్టు, రెండూ కొట్టుకుంటాయి. అక్కడ కావాలంటే ఇ సెవెన్ పట్టండి, అందులో జి షార్ప్, బి, డి మూడూ ఉన్నాయి.

ఇన్వర్షన్స్

మూడు స్వరాలున్న కార్డ్ కాబట్టి పట్టుకునే తీరులూ మూడే. బి డిమ్‌తోనే చూద్దాం.

రూట్ పొజిషన్: బి–డి–ఎఫ్. దూరాలు 3, 3. కుడిచేయి 1-3-5, ఎడమచేయి 5-3-1.

ఫస్ట్ ఇన్వర్షన్: డి–ఎఫ్–బి. దూరాలు 3, 6. కుడిచేయి 1-2-5, ఎడమచేయి 5-3-1.

సెకండ్ ఇన్వర్షన్: ఎఫ్–బి–డి. దూరాలు 6, 3. కుడిచేయి 1-3-5, ఎడమచేయి 5-2-1.

వేళ్ల నంబర్లు మేజర్, మైనర్ ఇన్వర్షన్స్‌కి వాడేవే, కొత్తగా నేర్చుకునేదేం లేదు. కొత్తది ఆ 6. ఇన్వర్షన్‌లో పట్టినప్పుడు రూట్ ఎక్కడుందో తెలియక పరేషాన్ అవుతుంటారు చాలామంది. దానికి ఒక చిట్కా: మూడు కీల మధ్య పెద్ద ఖాళీ, అంటే ఆరు కీల దూరం, ఎక్కడుందో చూడండి. ఆ ఖాళీకి పైన ఉన్న కీయే రూట్. డి–ఎఫ్–బి లో ఖాళీ ఎఫ్‌కీ బి కీ మధ్య, పైది బి. ఎఫ్–బి–డి లో కూడా ఖాళీ ఎఫ్, బి మధ్యే, పైది బి. ఖాళీయే కనబడలేదంటే రూట్ పొజిషన్‌లో ఉన్నారు, అన్నిటికంటే కింది కీ రూట్. ఎవరైనా యూట్యూబ్‌లో వాయిస్తుంటే పై నుంచి చూసి ఏ డిమ్ పట్టారో చెప్పడానికి కూడా ఇది పనికొస్తుంది.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఒక్కో ఇన్వర్షన్‌కి రెండు దెబ్బలు ఇస్తూ, కుడిచేత్తో బి–డి–ఎఫ్, డి–ఎఫ్–బి, ఎఫ్–బి–డి, పై ఆక్టేవ్‌లో బి–డి–ఎఫ్, మళ్లీ అదే దారిలో కిందికి. తర్వాత ఎడమచేత్తో అదే. రెండు చేతులూ విడివిడిగా తడబడకుండా వచ్చాకే కలపండి. దాని తర్వాత కార్డ్‌ని విరిచి ఒక్కో స్వరం వాయించండి. ఫస్ట్ ఇన్వర్షన్‌లో 2వ వేలు, 5వ వేలు బాగా చాచాల్సి వస్తుంది కాబట్టి మణికట్టు బిగిసిపోతుంది, ఇంకా కొందరైతే భుజం కూడా పైకెత్తేస్తారు. ప్రతి కార్డ్ నొక్కిన వెంటనే చెయ్యి వదులు చేసి చూసుకోండి. నొప్పి పుడితే ఆపేయండి, పంతానికి పోయేది కాదు.

మూడు పొజిషన్లలో ఏది మంచిదని అడిగితే నేను ఫస్ట్ ఇన్వర్షనే అంటాను, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కూడా ఈ ట్రయాడ్‌ని ఎక్కువగా ఆ రూపంలోనే వాడుతూ వచ్చారు. కారణం బేస్. రూట్ పొజిషన్‌లో కింద బి, పైన ఎఫ్, ఆ ఆరు కీల కరుకు దూరం నేరుగా బేస్ మీదే పడుతుంది. సెకండ్ ఇన్వర్షన్‌లోనూ అంతే, బేస్‌లో ఎఫ్, పైన బి. ఫస్ట్ ఇన్వర్షన్‌లో బేస్ డి. డి నుంచి ఎఫ్, డి నుంచి బి, రెండూ వినసొంపుగా ఉంటాయి. కరుకుదనం పైన రెండు స్వరాల మధ్య ఉండిపోతుంది, కింద పునాది నెమ్మదిగా ఉంటుంది. పాడేవాళ్లు కింది స్వరాన్ని ఆధారం చేసుకుంటారు, అందుకే క్వాయర్ వెనకాల ఇదైతే వాళ్లు శ్రుతి తప్పరు.

ఎడమచేత్తో పట్టేటప్పుడు మరీ కిందికి పోవద్దు. మిడిల్ సి కి ఒక ఆక్టేవ్ కింద ఉన్న సి దాటి ఇంకా కింద మూడు స్వరాలూ దగ్గరదగ్గరగా పడితే బురదలా వినిపిస్తుంది, ముఖ్యంగా చర్చిలో, ఫంక్షన్ హాల్లో పెద్ద స్పీకర్లు ఉన్నచోట. అక్కడ ఎడమచేతికి ఒక్క స్వరం చాలు, మిగతాది కుడిచేతికి వదిలేయండి.

మిగతా పదకొండు

అక్షరాల వరసలో నేర్చుకోకండి. నలుపు తెలుపు ఆకారాన్ని బట్టి గుంపులు కట్టుకుంటే పని సగం అవుతుంది.

డి, ఇ, ఎ: తెలుపు, తెలుపు, నలుపు. అంటే డి–ఎఫ్–ఎ ఫ్లాట్, ఇ–జి–బి ఫ్లాట్, ఎ–సి–ఇ ఫ్లాట్.

సి షార్ప్, ఎఫ్ షార్ప్, జి షార్ప్: నలుపు, తెలుపు, తెలుపు. సి షార్ప్–ఇ–జి, ఎఫ్ షార్ప్–ఎ–సి, జి షార్ప్–బి–డి.

సి, జి: తెలుపు, నలుపు, నలుపు. సి–ఇ ఫ్లాట్–జి ఫ్లాట్, జి–బి ఫ్లాట్–డి ఫ్లాట్.

ఇ ఫ్లాట్, బి ఫ్లాట్: నలుపు, నలుపు, తెలుపు. ఇ ఫ్లాట్–జి ఫ్లాట్–ఎ, బి ఫ్లాట్–డి ఫ్లాట్–ఇ.

ఎఫ్ ఒక్కటే వేరు, ఎఫ్–ఎ ఫ్లాట్–బి, మధ్యలో మాత్రం నలుపు. బి ఎలాగూ అన్నీ తెలుపే.

(స్టాఫ్ నొటేషన్‌లో రాసేటప్పుడు వీటిలో కొన్ని స్వరాల పేర్లు మారతాయి, ఎఫ్ డిమ్‌లో బి ని సి ఫ్లాట్ అని రాస్తారు, నొక్కే కీ అదే. పరీక్షలు రాసేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.)

బి తర్వాత రెండో గుంపు నేర్చుకోండి. సి స్కేల్ పాటల్లో బి డిమ్ తర్వాత తరచూ తగిలేవి ఆ మూడే, సి షార్ప్ నుంచి డి మైనర్‌కి, ఎఫ్ షార్ప్ నుంచి జి కి, జి షార్ప్ నుంచి ఎ మైనర్‌కి. బొటనవేలు నల్ల కీ మీద పడుతుంది కాబట్టి మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, చేతిని కీబోర్డ్ లోపలికి, మూత వైపుకి కొంచెం జరిపితే సర్దుకుంటుంది. ప్రతిదాన్నీ జంటగానే వాయించండి: కార్డ్, అది చేరే కార్డ్, రెండూ దగ్గరి ఇన్వర్షన్స్‌లో. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉందిగా, అన్నీ సి లోనే వాయిస్తానంటే మీ ఇష్టం, ప్రోగ్రాంలో నేనూ కాదనను, కానీ ఇంట్లో సాధన దాని మీద పెట్టుకోవద్దు.

డిమినిష్డ్ సెవెన్: ఉన్నవి మూడే

బి–డి–ఎఫ్ పైన ఇంకో మూడు కీలు లెక్కపెట్టండి, ఎ ఫ్లాట్ వస్తుంది. బి–డి–ఎఫ్–ఎ ఫ్లాట్. ఇది బి డిమినిష్డ్ సెవెన్. అక్కడి నుంచి ఇంకో మూడు లెక్కపెడితే మళ్లీ బి దగ్గరికే వస్తారు. అంటే అన్ని దూరాలూ 3. ఇన్వర్షన్ ఏది పట్టినా దూరాలు మారవు, పెద్ద ఖాళీ అనేదే ఉండదు. డి మీద మొదలుపెట్టి డి డిమినిష్డ్ సెవెన్ పట్టినా అవే నాలుగు కీలు, ఎఫ్ మీద పట్టినా అవే, ఎ ఫ్లాట్ మీద పట్టినా అవే.

ఒక్కోదానికి నాలుగు పేర్లు కాబట్టి కీబోర్డ్ మొత్తం మీద నేర్చుకోవాల్సినవి మూడే:

సి, ఇ ఫ్లాట్, జి ఫ్లాట్, ఎ.

సి షార్ప్, ఇ, జి, బి ఫ్లాట్.

డి, ఎఫ్, ఎ ఫ్లాట్, బి.

కుడిచేయి 1-2-3-5, ఇబ్బందిగా ఉంటే 1-2-4-5. ఎడమచేయి 5-3-2-1 లేదా 5-4-2-1. మొదటి కీ నుంచి చివరి కీకి తొమ్మిదే, చిన్న చేతులకు కూడా అందుతుంది.

ఇప్పుడు అసలు మజా. పైన చెప్పిన సూత్రం ప్రకారం రూట్‌కి ఒక్క కీ పైకి వెళ్లాలి. ఇక్కడ నాలుగు స్వరాల్లో ఏదైనా రూట్ కావచ్చు. కాబట్టి బి–డి–ఎఫ్–ఎ ఫ్లాట్ పట్టుకుని బి ని రూట్ అనుకుంటే సి కి, డి ని అనుకుంటే ఇ ఫ్లాట్‌కి, ఎఫ్ ని అనుకుంటే ఎఫ్ షార్ప్‌కి, ఎ ఫ్లాట్‌ని అనుకుంటే ఎ కి పోవచ్చు. మేజర్‌కైనా సరే, మైనర్‌కైనా సరే. కాజీపేట జంక్షన్ లాంటిది, సికింద్రాబాద్ నుంచి వచ్చిన బండి అక్కడి దాకా వచ్చిందంటే బల్లార్షా వైపు పోతుందో, విజయవాడ వైపు పోతుందో ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవాళ్లకు తెలియదు. పాట మధ్యలో స్కేల్ మార్చాల్సి వస్తే ఈ కార్డ్‌ని వాడుకునేది అందుకే.

వేళ్ల కదలిక చూడండి. బి–డి–ఎఫ్–ఎ ఫ్లాట్ నుంచి సి మైనర్‌కి: బి ఒక్క కీ ఎక్కి సి, ఎఫ్ రెండు కీలు దిగి ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్ ఒక్క కీ దిగి జి. డి అటైనా ఇటైనా పోవచ్చు, సి కి దింపినా, ఇ ఫ్లాట్‌కి ఎక్కించినా. అదే నాలుగు కీల్ని, ఎ ఫ్లాట్ (జి షార్ప్ అన్నా అదే కీ) అన్నిటికంటే కింద ఉండేలా, జి షార్ప్–బి–డి–ఎఫ్ గా పట్టి ఎ మైనర్‌కి పోండి: జి షార్ప్ ఎక్కి ఎ, బి ఎక్కి సి, ఎఫ్ దిగి ఇ. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తే, బయల్దేరిన కార్డ్ ఒకటే అయినా చేరిన ఊళ్లు ఎంత దూరమో చెవికి తెలుస్తుంది.

కీరవాణి రాగం తెలిసినవాళ్లకు ఇది పాత చుట్టమే. సి షడ్జమంగా కీరవాణి వాయిస్తే అందులో ని, రి, మ, ద అంటే బి, డి, ఎఫ్, ఎ ఫ్లాట్. ఎ షడ్జమంగా పెట్టుకున్నా ని, రి, మ, ద అవే నాలుగు కీలు: జి షార్ప్, బి, డి, ఎఫ్. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనేది స్వరాల్లో మన కీరవాణే, 21వ మేళకర్త. అందుకే కీరవాణిలో కట్టిన పాటలకు షడ్జమం కార్డ్ ముందు ఈ డిమినిష్డ్ సెవెన్ అతికినట్టు సరిపోతుంది.

ఇంకో గమ్మత్తు ఉంది. డిమినిష్డ్ సెవెన్‌లో ఏ ఒక్క స్వరాన్నైనా ఒక్క కీ దించండి, మిగతా మూడు కదపొద్దు, ఒక మామూలు సెవెన్త్ కార్డ్ వస్తుంది, దించిన స్వరమే దాని రూట్. ఎ ఫ్లాట్‌ని జి కి దించితే జి సెవెన్. ఎఫ్ ని ఇ కి దించితే ఇ సెవెన్. బి ని దించితే బి ఫ్లాట్ సెవెన్, డి ని దించితే డి ఫ్లాట్ సెవెన్. నాలుగూ చేసి చూడండి. సెవెన్త్ కార్డ్స్ పన్నెండూ ఈ మూడు గుంపుల్లోంచే పుడతాయి, విడిగా నేర్చుకునే తిప్పలు తప్పుతాయి.

ఒక జాగ్రత్త. సి స్కేల్‌లో నల్ల కీ తగలకుండా బి మీద నాలుగు స్వరాలు పేరిస్తే బి–డి–ఎఫ్–ఎ వస్తుంది, ఎ ఫ్లాట్ కాదు, ఎ. పై దూరం 3 కాదు, 4. అది హాఫ్ డిమినిష్డ్, కాగితాల్లో మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్ అని గానీ, అడ్డగీత ఉన్న చిన్న సున్నాతో గానీ రాస్తారు. బి హాఫ్ డిమినిష్డ్, ఇ సెవెన్, ఎ మైనర్ అనే వరస మైనర్ పాటల్లో బాగా తగులుతుంది. దాని లాగుడు మెత్తగా ఉంటుంది, రెండింటినీ కలిపేయొద్దు.

పాటలో పెట్టడం

పక్కపక్కన ఉన్న రెండు కార్డ్స్ రూట్‌ల మధ్య రెండు కీల దూరం ఉండి, బేస్ పైకి ఎక్కుతోందంటే మధ్యలో ఉన్న కీ మీద డిమినిష్డ్ సెవెన్ పెట్టొచ్చు. సి నుంచి డి మైనర్‌కి పోతున్నారు, మధ్యలో సి షార్ప్. ఇది చేతుల్లో ఎలా ఉంటుందో పూర్తిగా రాస్తాను, నెమ్మదిగా వాయించండి:

ఎడమచేయి సి, కుడిచేయి ఇ–జి–సి.

ఎడమచేయి సి షార్ప్, కుడిచేయి ఇ–జి–బి ఫ్లాట్.

ఎడమచేయి డి, కుడిచేయి డి–ఎఫ్–ఎ.

ఎడమచేయి జి, కుడిచేయి డి–ఎఫ్–బి.

ఎడమచేయి సి, కుడిచేయి సి–ఇ–సి.

రెండో కార్డ్‌కి కుడిచేతిలో పై వేలు ఒక్కటే కదులుతుంది, సి నుంచి బి ఫ్లాట్‌కి. మూడోదానికి మూడు వేళ్లూ కొంచెం కొంచెం దిగుతాయి. నాలుగోదానికి మళ్లీ పై వేలు ఒక్కటే, ఎ నుంచి బి కి. అప్పుడు కుడిచేతిలో ఉన్నది చూశారా, మొదట నేర్చుకున్న బి డిమ్ ఫస్ట్ ఇన్వర్షన్, కింద జి పడింది కాబట్టి జి సెవెన్ అయింది. అక్కడి నుంచి సి కి చేరే దారి మీ వేళ్లకు ముందే తెలుసు.

ఇంకోటి, ఎఫ్ నుంచి సి కి పోయేటప్పుడు బేస్‌లో జి పెట్టుకుంటే: ఎడమచేయి ఎఫ్, కుడిచేయి ఎ–సి–ఎఫ్, ఎడమచేయి ఎఫ్ షార్ప్, కుడిచేయి ఎ–సి–ఇ ఫ్లాట్, ఎడమచేయి జి, కుడిచేయి జి–సి–ఇ. చర్చి పాటల్లో ఆఖరి చరణం చివర ఇది బాగా పండుతుంది, మధ్యలో ఉన్న సి మూడు కార్డ్స్‌లోనూ కదలకుండా ఉండటం వల్ల ఎక్కడా తెగినట్టు ఉండదు.

సస్టెయిన్ పెడల్ ఉంటే డిమినిష్డ్ నుంచి తర్వాతి కార్డ్‌కి మారే క్షణంలో కాలు ఎత్తి మళ్లీ తొక్కండి. లేకపోతే రెండూ కలిసిపోయి, మీరు కష్టపడి తెచ్చిన ఆ విడుదల వినబడకుండా పోతుంది. ఎంతసేపు పట్టాలి అంటే, తక్కువసేపు. ఒకటి రెండు దెబ్బలు చాలు. నాలుగు దెబ్బలు పట్టుకు కూర్చుంటే పాడేవాళ్లు ఎక్కడికి పోవాలో తోచక మీ ముఖం చూస్తారు.

ఎక్కడ పెట్టొద్దో కూడా చెప్పాలి. కొత్తగా నేర్చుకున్న ఊపులో ప్రతి పాటలో దీన్ని దూర్చేవాళ్లున్నారు. బతుకమ్మ పాటకు, జానపదాలకు నాలుగైదు స్వరాల్లో తిరిగే బాణీ ఉంటుంది, చప్పట్లే దానికి ఆధారం, అక్కడ డిమినిష్డ్ పెడితే పాట అందం పోతుంది. రెండు కార్డ్స్‌తో నడిచే పాటను రెండు కార్డ్స్‌తోనే నడవనివ్వండి. సినిమా మెలోడీలు, చర్చి కీర్తనలు, కీరవాణి లాంటి రాగాల్లో కట్టిన లలిత గీతాలు దీనికి సరైన చోటు.

కాగితం మీద ఉత్త ‘డిమ్’ అని ఉన్నా నాలుగో స్వరం కలిపి వాయించవచ్చు, చాలా చోట్ల చెల్లుతుంది. కానీ ఆ నాలుగో స్వరం పాడే బాణీకి పక్క కీ అయితే కొట్టుకుంటుంది, అప్పుడు దాన్ని తీసేసి మూడు స్వరాలకే పరిమితమవ్వండి. మీకు బాగా వచ్చిన, రోజూ వాయించే పాట ఒకటి తీసుకుని, అందులో సి తర్వాత డి మైనర్, ఎఫ్ తర్వాత జి, జి తర్వాత ఎ మైనర్ వచ్చే చోట్లు పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. ఒక్కో చోట కార్డ్ పెట్టి, పాడుకుంటూ వాయించి, తీసేసి మళ్లీ వాయించి, ఏది బాగుందో మీరే తేల్చుకోండి.